నాలుగింటి అలారం చేసే అన్యాయం

పొద్దున్నే లేచేవాడు ఎక్కువ పని చేస్తాడు, రాత్రి పొద్దుపోయేదాకా మేలుకునేవాడు తక్కువ చేస్తాడు. మన ఇళ్ళల్లో ఈ మాటను ఎవరూ రుజువు చేయరు, రుజువు కావాలని కూడా అనుకోరు. పెళ్ళి సంబంధాలప్పుడు అబ్బాయి గురించి, కాపురానికొచ్చాక కోడలి గురించి, ఇంటర్లో చేరాక పిల్లల గురించి ఆరా తీసే విషయాల్లో ఎన్నింటికి లేస్తారన్నది ఒకటి. ఐదింటికి అంటే బుద్ధిమంతులు. ఎనిమిదింటికి అంటే బారెడు పొద్దెక్కేదాకా పడకేనా అని దెప్పుడు. ఆ ఎనిమిదింటికి లేచిన మనిషి రాత్రి ఒంటిగంట దాకా కూర్చుని ఏం చేశాడో అడిగేవాళ్ళు ఉండరు.

ఈ నమ్మకం కాస్త అతిశయోక్తి, అందరికీ వర్తించదు అని చెప్పి ఊరుకోవడం నాకు ఇష్టం లేదు. దీని పునాదే తప్పు. పొద్దున్నే లేచేవాళ్ళు ఎక్కువ పని చేయడం లేదు. బడి, ఆఫీసు, బ్యాంకు, పరీక్ష, అన్నీ వాళ్ళు చురుగ్గా ఉండే వేళల్లోనే పెట్టుకున్నాం కాబట్టి వాళ్ళ పని నలుగురి కంటా పడుతుంది, లెక్కలోకి వస్తుంది. రాత్రి మనుషుల పని ఎవరూ చూడని వేళ జరుగుతుంది, వాళ్ళ అలసట మాత్రం అందరూ చూసే వేళ బయటపడుతుంది. ఈ తేడాను మనం గుణభేదంగా చదువుకున్నాం. చదువుకుని ఊరుకోలేదు, దాని పేరుతో పదహారేళ్ళ పిల్లల నిద్ర లాక్కుంటున్నాం. నా కోపం అక్కడ.

ముందు లెక్క. ఏడున్నర గంటల నిద్ర కావలసిన ఇద్దరిని తీసుకోండి. ఒకరు తొమ్మిదిన్నరకు పడుకుని ఐదింటికి లేస్తారు. ఇంకొకరు ఒంటిగంటకు పడుకుని ఎనిమిదిన్నరకు లేస్తారు. ఇద్దరికీ మిగిలేవి పదహారున్నర గంటలే. నాలుగింటికి లేవడం మొదలుపెట్టి రోజుకు రెండు గంటలు అదనంగా సంపాదించానని చెప్పే మనిషి, అంతకుముందుకన్నా రెండు గంటలు ముందు పడుకుంటూ ఉండాలి, లేదా రెండు గంటల నిద్ర మానుకుని ఉండాలి. మొదటిదైతే సంపాదించింది ఏమీ లేదు. రెండోదైతే దాని ఖరీదు అతనికి తెలియడం లేదు.

తెలియదనే మాట ఊరికే అనలేదు. 2003లో ప్రకటించిన ఒక ప్రయోగంలో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయానికి చెందిన వాన్ డాంగెన్, డింజెస్, వారి సహచరులు ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ళను ప్రయోగశాలలో ఉంచి కొందరికి రాత్రికి ఆరు గంటలు, కొందరికి నాలుగు గంటలు మాత్రమే పడుకునే వీలిచ్చారు. రెండు వారాలు గడిచేసరికి ఆరు గంటలవాళ్ళ ఏకాగ్రత, జ్ఞాపకం ఒక రాత్రంతా నిద్రలేనివాళ్ళ స్థాయికి పడిపోయాయి. అంతకన్నా ముఖ్యమైన సంగతి, వాళ్ళకు పెద్దగా నిద్ర వస్తున్నట్టే అనిపించలేదు. తమ పని రోజురోజుకూ దిగజారుతోందని వాళ్ళకు తట్టలేదు. నాలుగింటికి లేచి హాయిగా ఉన్నానని చెప్పేవాళ్ళ మాటను సాక్ష్యంగా తీసుకోవడానికి నేను ఒప్పుకోనిది అందుకే. మనిషి తన నిద్రలేమిని తాను కొలుచుకోలేడు.

మరి ఈ నమ్మకానికి ఇంత బలం ఎక్కడిది? పాత నీతుల బలం కొంత. అమెరికాలో బెంజమిన్ ఫ్రాంక్లిన్ 1735 నాటి తన పంచాంగంలో అచ్చువేసిన సూక్తిని, పెందలాడే పడుకుని పెందలాడే లేస్తే ఆరోగ్యం, ఐశ్వర్యం, తెలివి వస్తాయనే అర్థమున్న ఆ మాటను, మన ఇంగ్లీషు వాచకాల్లో తరతరాలు వల్లెవేశాం. ఈమధ్యది పుస్తకాల వ్యాపారం. హాల్ ఎల్‌రాడ్ 'మిరాకిల్ మార్నింగ్' 2012లో, రాబిన్ శర్మ 'ఫైవ్ ఏఎం క్లబ్' 2018లో వచ్చాయి. వాటి సారం తెలుగు యూట్యూబ్ ఛానళ్ళలో, కాలేజీ మోటివేషన్ క్లాసుల్లో, వాట్సాప్ గ్రూపుల్లో రోజూ తిరుగుతూనే ఉంటుంది. ఫలానా కంపెనీ అధిపతి నాలుగింటికి లేస్తాడని ఒక జాబితా చూపిస్తారు. జాబితాలకేం, ఎటువైపైనా రాసుకోవచ్చు. యుద్ధకాలంలో బ్రిటన్‌ను నడిపిన చర్చిల్ అర్ధరాత్రి దాటేదాకా పనిచేసి, పొద్దున పదకొండు దాకా మంచం దిగకుండానే కాగితాలు చూసేవాడు. రచయిత కాఫ్కా పగలు బీమా సంస్థలో ఉద్యోగం చేసి రాత్రిళ్ళు రాసుకునేవాడు. 'తీర్పు' అనే కథను 1912 సెప్టెంబరులో ఒక్క రాత్రిలో, పదింటి నుంచి ఆరింటి దాకా కూర్చుని పూర్తిచేశాడు. ఇందువల్ల రాత్రి మేలుకుంటే కాఫ్కా అవుతారని తేలదు. నాలుగింటికి లేస్తే కంపెనీ అధిపతి అవుతారనీ తేలదు. ఆ అధిపతికి ఇల్లు ఊడ్చేవాళ్ళు, వంట చేసేవాళ్ళు, కారు నడిపేవాళ్ళు వేరే ఉన్నారన్న సంగతి ఆ జాబితాలో ఉండదు.

ఫ్రాంక్లిన్ మాటను సరదాకు కాదు, నిజంగానే పరీక్షకు పెట్టినవాళ్ళున్నారు. కేథరిన్ గేల్, క్రిస్టఫర్ మార్టిన్ అనే ఇద్దరు పరిశోధకులు 1973లో బ్రిటన్‌లో సర్వే చేసిన 1,229 మంది వృద్ధుల వివరాలు తీసుకుని 1998లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఫలితాలు ప్రకటించారు. పెందలాడే పడుకుని పెందలాడే లేచేవాళ్ళకు ఆరోగ్యంలో గానీ, సంపదలో గానీ, తెలివిలో గానీ ఏ ఆధిక్యమూ కనిపించలేదు. సగటు ఆదాయం పొద్దుపోయి పడుకునేవాళ్ళకే ఎక్కువగా తేలింది. రాత్రి మేలుకుంటే డబ్బొస్తుందని దీనర్థం కాదు. డబ్బున్నవాళ్ళు పొద్దెక్కేదాకా పడుకోగలగడమే కారణం కావచ్చు. కానీ రెండున్నర శతాబ్దాలుగా చెప్పుకుంటున్న ఆ మూడు వరాల్లో ఒక్కటీ లెక్కకు నిలబడలేదన్నది నిజం.

మనిషి ఎప్పుడు మేలుకుంటాడన్నది సంకల్పబలానికి సంబంధించిన విషయమని మనవాళ్ళ ఊహ. అసలు తప్పు ఇక్కడే మొదలవుతుంది. మెదడులో హైపోథాలమస్ అనే భాగంలో, కంటినరాలు కలిసే చోటికి కాస్త పైన, వేలకొద్దీ కణాల గుత్తి ఒకటుంది. శరీరంలోని గడియారాలన్నిటినీ అది నడిపిస్తుంది. ఆ గడియారం కణాల లోపల ఎలా ఆడుతుందో ఈగల మీద పరిశోధన చేసి కనిపెట్టినందుకే జెఫ్రీ హాల్, మైకేల్ రాస్‌బాష్, మైకేల్ యంగ్‌లకు 2017లో నోబెల్ బహుమతి వచ్చింది. ఈ గడియారపు చుట్టు సగటున 24 గంటలకు కొద్దిగా ఎక్కువ. మనిషికీ మనిషికీ తేడా ఉంటుంది. రోజూ పొద్దున కంట్లో పడే వెలుతురు దాన్ని సరిదిద్దుతూ ఉంటుంది. 2019లో ఇంగ్లాండులోని ఎక్సెటర్ పరిశోధకులు దాదాపు 7 లక్షల మంది జన్యు సమాచారాన్ని చూసి, పొద్దున మనిషా రాత్రి మనిషా అన్నదానితో ముడిపడిన జన్యుస్థానాలు 351 ఉన్నాయని చెప్పారు. అంటే పొద్దున మెలకువ రావడం కొంత పుట్టుకతో వచ్చింది, కొంత వయసుతో, కొంత వెలుతురుతో వచ్చింది. ఎక్కువమంది పొద్దున మనిషికీ రాత్రి మనిషికీ నడుమ ఎక్కడో ఉంటారు. ఎడమచేతి వాటం ఉన్న పిల్లల చేతిమీద కొట్టి కుడిచేత్తో రాయించిన కాలం మన బళ్ళలోనూ నడిచింది. రాత్రి మనిషిని సోమరి అనడం ఆ కొట్టుడుకు ఏమాత్రం తీసిపోదు.

మానవజాతికి ఈ తేడా పనికొచ్చిందనడానికి ఒక ఆధారం ఉంది. టాంజానియాలో వేట, సేకరణలతో బతికే హడ్జా తెగలో 33 మంది నిద్రను ఇరవై రోజులు కొలిచి 2017లో ఫలితం ప్రకటించారు. ఆ ఇరవై రోజుల మొత్తంలో అందరూ ఒకేసారి నిద్రలో ఉన్నది పద్దెనిమిది నిమిషాలు మాత్రమే. మిగతా కాలమంతా ఎవరో ఒకరు మెలకువగా ఉన్నారు. అడవిలో పడుకునే గుంపుకు అంతకు మించిన కాపలా ఏముంటుంది?

ఎదుటివాళ్ళ వాదనలో బలమైనది దాటవేయను. జర్మనీలో క్రిస్టోఫ్ రాండ్లర్ అనే జీవశాస్త్రవేత్త 2009లో 367 మంది విశ్వవిద్యాలయ విద్యార్థులను ప్రశ్నించి, పొద్దున మనుషులు తమంతట తాము చొరవ చూపే స్వభావంలో ముందున్నారని రాశాడు. మోటివేషన్ ప్రసంగాలకు ఇది పెద్ద ఆసరా. కానీ అతను కొలిచింది ఏమిటి? పనిని కాదు, తమ చొరవ గురించి విద్యార్థులు చెప్పుకున్న జవాబులను. చిన్నప్పటి నుంచి బుద్ధిమంతుడివని పిలిపించుకున్నవాడు తన గురించి ఒకలా చెప్పుకుంటాడు, సోమరివని పిలిపించుకున్నవాడు ఇంకోలా చెప్పుకుంటాడు. పైగా విశ్వవిద్యాలయం పొద్దున తెరుచుకుంటుంది. పొద్దున చురుగ్గా ఉన్నవాడికి అక్కడ చొరవ చూపే అవకాశం దొరుకుతుంది.

ఈ అనుమానం నా ఊహ మాత్రమే కాదు. వాషింగ్టన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు యామ్, ఫెర్, బార్న్స్ 2014లో ఆఫీసుల్లో ఒక సంగతి బయటపెట్టారు. ఒకే పని, ఒకే గంటలు. మొదలుపెట్టే వేళ మాత్రం వేరు. పొద్దున్నే వచ్చి పెందలాడే వెళ్ళిపోయేవాళ్ళను పై అధికారులు నిబద్ధత ఉన్నవాళ్ళుగా చూశారు, మంచి మార్కులు వేశారు. ఆలస్యంగా వచ్చి పొద్దుపోయేదాకా ఉన్నవాళ్ళకు తక్కువ వేశారు. ఈ పక్షపాతం పొద్దున్నే లేచే అధికారుల్లోనే గట్టిగా ఉంది, రాత్రి మనుషులైన అధికారుల్లో అంతగా లేదు. పని కొలిచే తక్కెడ చూడండి. ముల్లు ముందే ఒకవైపుకు వంచి ఉంది. ఈ తక్కెడతో తూచి, పొద్దున మనుషుల బరువు ఎక్కువ అంటున్నారు.

ఇక ముల్లు సరిచేసి తూస్తే ఏమవుతుందో చూపించిన పరిశోధన ఒకటుంది. నా దృష్టిలో ఈ తగవు మొత్తాన్నీ తీర్చేది అదే, కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను. అర్జెంటీనాలో కొన్ని హైస్కూళ్ళు మూడు పూటలా నడుస్తాయి. ఒక స్కూల్లో ఏ విద్యార్థి ఏ పూటకు వెళ్ళాలన్నది లాటరీ తీసి నిర్ణయిస్తారు. పొద్దున పూట 7:45కి, మధ్యాహ్నం పూట 12:40కి, సాయంత్రం పూట 5:20కి మొదలవుతుంది. ఇది పరిశోధకులకు అరుదైన అవకాశం. మామూలుగా అయితే ఇష్టమున్న పూట ఎంచుకుంటారు, లేదా తల్లిదండ్రులు ఎంచుతారు. అప్పుడు తేడా పూటదా పిల్లలదా చెప్పలేం. లాటరీ ఆ చిక్కు తీసేసింది. 753 మంది పిల్లల మార్కులను వాళ్ళ శరీర గడియారాలతో కలిపి చూసి 2020లో ఫలితం ప్రకటించారు. పొద్దున పూటలో పొద్దున మనుషులైన పిల్లలకు అన్ని సబ్జెక్టుల్లోనూ మార్కులు ఎక్కువ, లెక్కల్లో మరీ ఎక్కువ. మధ్యాహ్నం పూటలో ఆ ఆధిక్యం మాయమైంది. సాయంత్రం పూటలో రాత్రి పిల్లలకే మేలు జరిగింది.

ఒకే ఊరు, ఒకే స్కూలు, ఒకే పాఠం, ఒకే పరీక్ష. బడి గంట మారితే తెలివైన పిల్లలు మారిపోయారు. పొద్దున్నే లేచేవాడు ఎక్కువ సాధిస్తాడనే సిద్ధాంతం నిజమైతే అతను సాయంత్రం పూటలోనూ ముందుండాలి కదా! లేడు. అతని దగ్గరున్నది ప్రత్యేకమైన శక్తి కాదు, తనకు అనుకూలంగా మోగే గంట.

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. తెలుగు రాష్ట్రాల్లో రెసిడెన్షియల్ జూనియర్ కాలేజీల దినచర్య తెలియని ఇల్లు తక్కువ. చాలా చోట్ల నాలుగున్నరకో ఐదింటికో హాస్టల్ గంట కొడతారు. ఐదున్నరకల్లా స్టడీ అవర్. మొహం కడుక్కుని పుస్తకం ముందు కూర్చోవాలి. కునికితే లేచి నిలబడాలి. రాత్రి పదిన్నర దాకా మళ్ళీ స్టడీ అవర్. ఎంపీసీ, బైపీసీ చదివే పిల్లలకు రెండేళ్ళు ఇదే జీవితం. పదకొండింటికి కన్నుమూస్తే దక్కేది ఐదున్నర, ఆరు గంటల నిద్ర. పదమూడు నుంచి పద్దెనిమిదేళ్ళ వయసువాళ్ళకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలని అమెరికా నిద్రవైద్యుల అకాడమీ 2016లో చెప్పింది. మన పిల్లల ఒళ్ళు వేరే మట్టితో చేసింది కాదు.

ఈ వయసులో ఇంకో సంగతి ఉంది. యుక్తవయసు వచ్చేసరికి శరీర గడియారం వెనక్కి జరుగుతుంది. బ్రౌన్ విశ్వవిద్యాలయంలో మేరీ కార్స్‌కడన్ 1990ల నుంచీ దీన్ని కొలిచి చూపించారు. మ్యూనిక్‌లో టిల్ రోన్నెబర్గ్ బృందం వేలమంది నిద్రవేళలు సేకరించి, ఈ వెనక్కి జరగడం ఇరవయ్యో ఏట దాకా పెరుగుతూ పోయి, అక్కణ్ణుంచి తగ్గుతుందని 2004లో రాసింది. అంటే పదహారేళ్ళ పిల్లకు రాత్రి పదకొండు దాకా నిద్ర రాకపోవడం ఫోను వల్ల మాత్రమే వచ్చిన జబ్బు కాదు. ఫోను దాన్ని ఇంకా పెంచుతుంది, నిజమే. కానీ హాస్టల్లో ఫోన్లు లేవు కదా. అక్కడ నాలుగున్నరకు గంట కొట్టే వార్డెన్ యాభై ఏళ్ళవాడు. అతని గడియారం ముందుకు జరిగి ఉంది. తన ఒంటి లెక్కను పిల్లల ఒంటిమీద రుద్దుతున్నాడు.

పొద్దున చదివింది బుర్రకెక్కుతుంది అంటారు. బుర్రకెక్కడం అన్నది నిద్రలో జరిగే పని కూడా. రాత్రి మొదటి సగంలో గాఢనిద్ర ఎక్కువ, తెల్లవారుజామున కలల నిద్ర ఎక్కువ. చదివిన పాఠం జ్ఞాపకంలో స్థిరపడటానికి నిద్ర అవసరమని పరిశోధకులు ఎన్నోసార్లు చూపించారు. పదకొండింటికి పడుకున్న పిల్లవాణ్ణి నాలుగున్నరకు లేపడమంటే ఆ తెల్లవారుజాము నిద్ర మీదే కోత వేయడం. ఒకవైపు పాఠం చెప్పి, మరోవైపు అది నిలవకుండా చూసే ఏర్పాటు ఇది. దీనికి లక్షల రూపాయల ఫీజు కడుతున్నాం.

అమెరికా శిశువైద్యుల అకాడమీ హైస్కూళ్ళు పొద్దున 8:30కన్నా ముందు మొదలుపెట్టొద్దని 2014లో సలహా ఇచ్చింది. సియాటిల్ నగరం 2016లో తన హైస్కూళ్ళను 7:50 నుంచి 8:45కి మార్చింది. పిల్లలు ఆ గంటను రాత్రి మేలుకుని వృథా చేస్తారని అక్కడా భయపడ్డారు. మణికట్టు పరికరాలతో కొలిస్తే రోజుకు 34 నిమిషాల నిద్ర పెరిగినట్టు తేలింది, మార్కులూ మెరుగయ్యాయి. కాలిఫోర్నియాలో ఈ మార్పు 2022 నుంచి చట్టంగానే అమలవుతోంది. వాళ్ళు 7:50 తొందరని వాదించుకున్నారు. మన దగ్గర 5:30 గురించి చర్చే లేదు.

ఇదంతా విన్నాక బ్రాహ్మీ ముహూర్తం సంగతేమిటని అడుగుతారు. పెద్దల మాటను నేను తేలిగ్గా తీసిపారేయను. కానీ వాళ్ళు చెప్పిందేమిటో పూర్తిగా వినాలి. వాగ్భటుడి ఆయుర్వేద గ్రంథం అష్టాంగ హృదయం దినచర్య గురించి చెబుతూ బ్రాహ్మీ ముహూర్తంలో లేవమంటుంది. ఎవరిని? ఆరోగ్యంగా ఉన్నవాణ్ణి. ఎందుకు? ఆయుష్షు కాపాడుకోవడానికి. ఎక్కువ పని చేయడానికని లేదు, ర్యాంకు కోసమని అసలే లేదు. దీపాలు ఆర్పితే చీకటే తప్ప ఇంకేమీ లేని కాలంలో, పొద్దుగూకిన కాసేపటికి పడుకున్న మనిషికి చెప్పిన మాట అది. ట్యూబులైట్ల కింద పదిన్నర దాకా కూర్చోబెట్టి, పడుకునే వేళ మనది, లేచే వేళ మాత్రం వాగ్భటుడిది అంటే ఎలా? పైగా ఆ ముహూర్తం సూర్యోదయానికి 96 నిమిషాల ముందు మొదలవుతుంది. జనవరిలో హైదరాబాద్‌లో సూర్యుడు ఏడింటికి పన్నెండు పదమూడు నిమిషాల ముందు గానీ కనబడడు. అంటే నాలుగున్నర గంట కొట్టేసరికి ఆ ముహూర్తం ఇంకా రానేలేదు. శాస్త్రం సూర్యుణ్ణి చూసి చెప్పింది. మనం గోడ గడియారం చూసి కొడుతున్నాం.

పల్లెల్లో తెల్లారగట్ల లేవడానికీ ఒక కారణం ఉంది. ఎండ ముదరకముందే నాగలి కట్టాలి, కలుపు తీయాలి, పాలు పితకాలి. పని వేళ పనిని బట్టి వచ్చింది. అదే రైతు పనిని బట్టి రాత్రి కూడా లేచాడు. వ్యవసాయానికి కరెంటు విడతలవారీగా ఇచ్చిన ఏళ్ళలో ఒక విడత రాత్రిపూట వచ్చేది. అర్ధరాత్రి బ్యాటరీ లైటు పట్టుకుని, పాము కాటుకూ షాకుకూ భయపడుతూ మోటారు వేయడానికి చేనికి నడిచిన రైతులు ఎంతమందో. వాళ్ళు పొద్దున ఎనిమిదింటికి లేస్తే ఆ రోజు వాళ్ళు సోమరులా?

మన కళలు ఏ వేళ పుట్టాయో కూడా మరిచిపోయాం. కూచిపూడి భామాకలాపం, తోలుబొమ్మలాట, పద్యనాటకాలు రాత్రి మొదలై తెల్లారేదాకా ఆడినవే. ఊరంతా మేలుకుని చూసేది. ఈనాటికీ అర్ధరాత్రి ముహూర్తానికి పెళ్ళి చేసి, జీలకర్ర బెల్లం పెట్టించి, ఉదయం బంతి భోజనాలు పెట్టే జాతి మనది. రాత్రిని అశుభంగా, పొద్దున్ని మాత్రమే పుణ్యంగా చూడటం మన సంప్రదాయమని చెప్పేవాళ్ళు ఆ సంప్రదాయాన్ని సగమే చూశారు.

ఇప్పుడు ఎవరి పని మీద మన పొద్దున్నలు నడుస్తున్నాయో లెక్కపెట్టండి. ఐదింటికి లేచినవాడి చేతికి పేపరు రావాలంటే డెస్కులో సబ్‌ఎడిటర్లు అర్ధరాత్రి దాటేదాకా పేజీలు పెట్టాలి, ప్రెస్సులో యంత్రాలు తెల్లవార్లూ తిరగాలి. విశాఖ ఉక్కు కొలిమిని రాత్రికి ఆర్పడానికి వీల్లేదు. సింగరేణి గనుల్లోకి రాత్రి షిఫ్టు కార్మికులు దిగుతూనే ఉంటారు. కేజీహెచ్‌లో, గాంధీ ఆసుపత్రిలో నైట్ డ్యూటీ నర్సులు, ఊళ్ళ మధ్య రాత్రంతా బస్సు నడిపే ఆర్టీసీ డ్రైవర్లు, అమెరికా వేళలకు పనిచేసి తెల్లవారుజామున క్యాబుల్లో ఇల్లు చేరే హైటెక్ సిటీ ఉద్యోగులు ఉన్నారు. అలా ఇల్లు చేరి, ఇంటి ముందు ముగ్గు వేసే వేళకు పడుకోబోతున్న అమ్మాయిని చూసి పక్కింటావిడ ఏమనుకుంటుందో మనకు తెలుసు. ఆ అమ్మాయి జీతంతో ఇల్లు గడుస్తున్నా ఆ అభిప్రాయం మారదు.

అసలు పొద్దున్నే లేవడమే గొప్పయితే ఈ దేశంలో అందరికన్నా గొప్పవాళ్ళు ఆడవాళ్ళు కావాలి. కళ్ళాపి చల్లి, పాలు కాచి, క్యారేజీలు కట్టి, మగవాళ్ళు కళ్ళు నులుముకునేసరికి రెండు గంటల పని ముగించే గృహిణుల గురించి ఏ మోటివేషన్ పుస్తకమూ రాదు. 2019లో జాతీయ గణాంక కార్యాలయం జరిపిన కాల వినియోగ సర్వే ప్రకారం, జీతం లేని ఇంటిపని చేసే ఆడవాళ్ళు దానిమీద రోజుకు 299 నిమిషాలు పెడుతున్నారు. అదే పని చేసే మగవాళ్ళు పెట్టేది 97 నిమిషాలు. నాలుగున్నరకు లేచిన ఆవిడను ఎక్కువ సాధించిన మనిషని ఎవరూ అనరు, ఐదింటికి లేచి వాకింగ్‌కి వెళ్ళొచ్చిన ఆయన్ని అంటారు. ఈ కొలమానం పనిని కొలవడం లేదని ఇంతకన్నా స్పష్టంగా ఎలా చెప్పాలి?

ఇంకా రెండు అభ్యంతరాలున్నాయి, రెండూ గట్టివే. రాత్రి మనుషులకు ఆరోగ్యం పాడవుతుంది, త్వరగా పోతారు అంటారు. 2018లో బ్రిటన్‌లో 4 లక్షల 33 వేల మంది సమాచారం చూసినప్పుడు రాత్రి మనుషుల్లో మరణాల ముప్పు పదిశాతం ఎక్కువగా కనిపించింది, నిజమే. ఆ పరిశోధకులే, ఇది పొద్దున మనుషుల కోసం చేసిన ప్రపంచంలో రాత్రి మనుషులు బతకాల్సి రావడం వల్ల కావచ్చని రాశారు. తర్వాత ఫిన్లాండులో దాదాపు 23 వేలమంది కవలలను ముప్పై ఏడేళ్ళపాటు గమనించి 2023లో ప్రకటించిన ఫలితం ప్రకారం, ఆ అదనపు ముప్పు చాలావరకు సిగరెట్టు, మద్యంవల్ల వచ్చింది. నిద్రవేళ సొంతంగా చేసిన చెడు దాదాపు లేదు. ఒంటి గడియారానికీ లోకం గడియారానికీ పొసగని ఈ బాధకు రోన్నెబర్గ్ బృందం 2006లో సోషల్ జెట్‌లాగ్ అని పేరుపెట్టింది. పనిరోజుల నిద్రవేళకూ సెలవురోజుల నిద్రవేళకూ రెండు గంటల తేడా ఉన్న మనిషి వారం వారం ఒక కాలమండలం నుంచి ఇంకోదానికి ప్రయాణం చేస్తున్నట్టే లెక్క, విమానం ఎక్కకుండానే. రాత్రి మనిషి ఒంటికి హాని చేసేది రాత్రి కాదు, ఆ రాత్రి తర్వాత మోగే అలారం.

రెండో అభ్యంతరం నిద్ర పరిశోధకుడు కెన్నెత్ రైట్ ప్రయోగం. కొలరాడో కొండల్లో ఎనిమిది మందిని విద్యుద్దీపాలు లేకుండా వారంపాటు గుడారాల్లో ఉంచితే అందరి గడియారాలూ ముందుకు జరిగాయి, పొద్దున మనుషులకూ రాత్రి మనుషులకూ మధ్య దూరం తగ్గింది. 2013 నాటి ఈ ఫలితాన్ని నేను పూర్తిగా ఒప్పుకుంటాను. మన రాత్రి మేలుకునే అలవాటులో దీపాల వాటా, ఫోను వాటా పెద్దదే. కానీ ఆ ప్రయోగంలో ఎవరినీ అలారం పెట్టి లేపలేదు. రోజంతా ఎండ తగిలింది, రాత్రి నిజంగా చీకటి పడింది, తమంతట తాము పడుకున్నారు, తమంతట తాము లేచారు. పిల్లలు పెందలాడే లేవాలని నిజంగా కోరుకునే కాలేజీ చేయాల్సింది పొద్దున గంటసేపు ఎండలో ఆడించడం, రాత్రి తొమ్మిదికి దీపాలు తీసేయడం. రాత్రి స్టడీ అవర్ వదులుకోకుండా పొద్దున స్టడీ అవర్ అడిగే హక్కు ఈ ప్రయోగం ఎవరికీ ఇవ్వదు.

రాత్రి మనుషులే తెలివైనవాళ్ళని చెప్పే పరిశోధనలూ వస్తున్నాయి. 2024లో లండన్ ఇంపీరియల్ కాలేజీ నుంచి వచ్చిన అలాంటి ఒకటి పత్రికల్లో బాగా తిరిగింది. దాన్ని నేను ఆసరాగా తీసుకోను. ఒక కులాన్ని దించి ఇంకో కులాన్ని ఎక్కించడం నాకు అక్కర్లేదు. పొద్దున మెలకువ వచ్చే మనిషి హాయిగా లేవనీ, పని చేసుకోనీ. తన ఒంటి తీరును నీతిగా మార్చి పక్కవాడి మీద తీర్పు చెప్పడం మాత్రం మానాలి.

ఆఫీసులకు చెప్పాల్సింది కొద్దిగానే ఉంది. పదకొండు నుంచి నాలుగు దాకా అందరూ ఉండండి, మిగతా గంటలు మీ వీలు అని చెప్పగల పని అయితే అలా చెప్పాలి. మదింపు రాసే అధికారి, ఉద్యోగి ఎన్నింటికి వచ్చాడన్న గడి తీసేసి, ఏం చేశాడన్న గడి చూడాలి.

కాలేజీలకు చెప్పాల్సింది మాత్రం చాలా ఉంది, అందులో ఒక్కటి అడుగుతాను. మీ దగ్గర ప్రతి వారాంతం పరీక్ష ఉంది. ప్రతి పిల్లవాడి మార్కు కంప్యూటర్లో ఉంది. ఒకే స్థాయి సెక్షన్లు పక్కపక్కనే ఉన్నాయి. అర్జెంటీనా పరిశోధకులకు లాటరీ దొరికితే చాలనిపించింది. మీకు అంతకన్నా ఎక్కువ ఉంది. వచ్చే జూన్‌లో చీటీలు తీసి, కొన్ని సెక్షన్లకు ఐదున్నర స్టడీ అవర్ అలాగే ఉంచండి. కొన్నిటికి దాన్ని తీసేసి ఏడింటి దాకా పడుకోనివ్వండి. సిలబస్, లెక్చరర్లు, భోజనం, పరీక్షలు అన్నీ ఒకటే ఉంచండి. దసరా సెలవులకు ముందు వచ్చే మార్కుల సగటును, ఆ పిల్లలు ఎన్నిసార్లు జబ్బుపడి ఇంటికి వెళ్ళారన్న లెక్కను తల్లిదండ్రుల ముందు పెట్టండి. పొద్దున చదువే గెలిపిస్తుందని అంత నమ్మకం ఉన్నప్పుడు ఈ పరీక్షకు మీరు వెనకాడాల్సిన పనిలేదు.